తల్లి ఉన్న అనాథ



మన విద్యానిధి లెక్కలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. తూర్పు ఆఫ్రికాలోని ఒక బాప్టిస్టు పాఠశాలలో చదువుకుంటున్న అనాథ బాలికకు మనం ఏటా పంపే చందా ఈ ఏడు కూడా పంపాం. లెక్కల్లోకి ఎక్కని సంగతి ఇంకొకటి ఉంది. ఆ నెలలోనే, ఆ కమిటీయే, కామాటిపుర నుంచి వచ్చిన ఒక దరఖాస్తును కాదంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. దరఖాస్తు ఫారం వ్రాసింది కూడా నేనే. కాబట్టి ఎవరినో తప్పుపట్టడానికి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నానని దయచేసి అనుకోవద్దు.

జూన్ మొదటి ఆదివారం. వాన అప్పుడే మొదలైంది. ఆరాధన ముగిసినా గొడుగులు లేనివాళ్లు వరండాలోనే నిలబడిపోయారు. మన సహోదరి ఒకామె, కామాటిపుర గల్లీల్లోకి వెళ్లి అక్కడి స్త్రీలను పలకరించి వచ్చే అలవాటున్న ఆమె, ఒక స్త్రీని వెంటబెట్టుకుని కమిటీ గదిలోకి వచ్చింది. ఆ స్త్రీ ఏం పని చేస్తుందో సహోదరి చెప్పలేదు, మేము అడగలేదు. అందరికీ అర్థమైంది. కొడుకు ఎనిమిది పాసయ్యాడు. లెక్కల్లో చురుకైనవాడట. తొమ్మిదికి బడి మారాలి, క్లాసుకు కట్టాలి. అన్నిటికీ మించి సాయంత్రం ఏడు నుంచి రాత్రి పడుకునేదాకా కూర్చుని చదువుకోవడానికి ఒక చోటు కావాలి. వాళ్ల ఖోలీలో ఆ వేళ అతనికి చోటుండదు.

ఫారం ఇచ్చాను. మూడో గడిలో తండ్రి పేరు. ఆమె కలం పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఐదో గడిలో తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రములు జతపరచవలెను అని ఉంది. ఇది అనాథ పిల్లల నిధి కదమ్మా, నీ కొడుక్కు నువ్వున్నావు కదా అని మాలో పెద్దాయన మెత్తగానే చెప్పాడు. ఆమె కాసేపు ఆ కాగితం వంకే చూసింది. "అయితే నేను సచ్చిపోయిన్నని రాసుకోండ్రి సారూ. పిల్లగాడు సదువుకుంటె సాలు" అంది.

ఎవరం ఏమీ అనలేదు. ఆమె ఫారం మడిచి బల్ల మీద పెట్టి లేచింది. ఏ ఊరమ్మా అని అడిగాను. మక్తల్ దిక్కు అంది. మా అమ్మ పుట్టినూరు అక్కడికి మూడు కోసులు. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు.

సంగతి అక్కడితో మరుగున పడిపోయేదే. ఆగస్టులో ఆఫ్రికా నుంచి ఉత్తరం వచ్చింది. ఆ అమ్మాయి ఫొటో మన నోటీసు బోర్డు మీద మీరందరూ చూసి ఉంటారు. నీలం యూనిఫాం, చంకలో పలక. ఆమె ఉత్తరాలు సండే స్కూలు పిల్లలకు తెలుగులో చెప్పే పని నాది. చెబుతూ చెబుతూ ఒక చోట ఆగాను. మా అమ్మ మీకందరికీ వందనాలు చెప్పమంది, ఇప్పుడు ఆమె మొక్కజొన్న కోతకు పోతున్నది అని ఆ పిల్ల వ్రాసింది.

తండ్రి పోయాడు, తల్లి ఉంది. మూడేళ్లుగా మనం ఆ పిల్లను అనాథ అని ప్రార్థనలో పేరెత్తుతున్నాం. పాఠశాలవారు మనతో అబద్ధం చెప్పలేదు. మొదటి ఉత్తరంలోనే తండ్రి లేడని వ్రాశారు, తల్లి సంగతి మనం అడగలేదు. సముద్రానికి అవతల ఉన్న తల్లి మన దయకు అడ్డురాలేదు. బల్లకు అవతల కూర్చున్న తల్లి అడ్డొచ్చింది. ఎందుకని? ఈ ప్రశ్న నన్ను రెండు నెలలుగా వదలడం లేదు.

అసలు అనాథ అంటే ఎవరు? ఐక్యరాజ్య సమితి బాలల సంస్థ యునిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒకరు పోయినా ఆ బిడ్డ అనాథే. ఆ లెక్కన 2015లో ప్రపంచమంతటా దాదాపు 14 కోట్ల మంది అనాథలు ఉన్నారు. అందులో ఆఫ్రికా పిల్లలు 5 కోట్ల 20 లక్షలు, మన ఆసియా పిల్లలు అంతకంటే ఎక్కువ, 6 కోట్ల 10 లక్షలు. ఆ 14 కోట్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివారు మాత్రం 1 కోటి 51 లక్షలు. అంటే పదిమంది అనాథల్లో దాదాపు తొమ్మిదిమందికి అమ్మో నాన్నో బ్రతికే ఉన్నారు. మనం చందా వేసేటప్పుడు మన కళ్ల ముందు కదిలే బొమ్మ, ఈ లోకంలో ఎవరూ లేని పసివాడి బొమ్మ, ఆ పదోవాడిది.

అనాథ అనే మాటలోనే ఒక చిక్కుంది. నాథుడు లేనివాడు అనాథ. నాథుడంటే ఏలేవాడు, కాచేవాడు. ఆ మాట పుట్టిన కాలంలో తల్లి ఆ లెక్కలోకి వచ్చేది కాదేమో. మన తెలుగు బైబిలు ద్వితీయోపదేశకాండంలో ఈ పిల్లల్ని ఏమంటుందో ఒకసారి తీసి చూడండి. తండ్రిలేనివారు అంటుంది. ఆ వెంటనే విధవరాండ్రు అంటుంది. చాలాచోట్ల ఆ రెండు మాటలూ పక్కపక్కనే నడుస్తాయి, ఎందుకంటే చాలాసార్లు వాళ్లిద్దరిదీ ఒకే ఇల్లు. పొలంలో మరచిపోయిన పన వాళ్లకోసం వదిలెయ్యమన్న కట్టడలో ధ్రువపత్రం ఊసు లేదు. తల్లి వెళ్లి ఏరుకుని వచ్చి, తన బిడ్డకు తన చేత్తో వండి పెట్టుకునేది. యాకోబు తన పత్రికలో ఈ పిల్లల విషయంలో వాడిన క్రియ కూడా మన తెలుగులో పరామర్శించడమే. పరామర్శ అంటే మనకు తెలిసిన అర్థం ఒకటే, లేచి వాళ్లింటికి వెళ్లడం. నేను కామాటిపురకు పరామర్శకు వెళ్లలేదు. వెళ్లిన సహోదరి తీసుకొచ్చిన మనిషికి ఫారం ఇచ్చాను.

ఇక్కడ కామాటిపుర గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. బొంబాయిలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఆ పేరు ఎక్కడిదో తెలియదు. ఆ పేరు మనదే. పద్దెనిమిదో శతాబ్దం చివర, హార్న్‌బీ కట్ట వేసి సముద్రపు పోటును ఆపాక, లోపల బయటపడిన పల్లపు నేలలో నిజాం రాజ్యం నుంచి వచ్చిన కూలీలు గుడిసెలు వేసుకున్నారు. మట్టి తవ్వి, రాయి మోసి, ఈ నగరానికి కట్టడాలు కట్టిన తెలుగువాళ్లు, కామాటీలు. వాళ్ల పేరు మీదే ఆ పేట. వేశ్యావాటిక తర్వాత బ్రిటిషువారి కాలంలో వచ్చి చేరింది. ఆ గల్లీలన్నీ అవే అనుకోవడం కూడా తప్పు. అక్కడ బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లులున్నారు, తోలు పని, జరీ పని చేసే కార్ఖానాలున్నాయి, మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కానీ ఉద్యోగం దరఖాస్తులో చిరునామా వ్రాయాలంటే, పెళ్లివారికి ఇల్లు చెప్పాలంటే, ముంబై సెంట్రల్ అని చెప్పడం మనకు అలవాటైపోయింది. నేనూ చెప్పాను. మా పెళ్లిచూపులకు మా మామగారు వచ్చినప్పుడు టాక్సీని రెండు గల్లీల ముందే ఆపించి నడిపించుకుని వచ్చాం.

ఆ సిగ్గు వెనక ఇంకో సిగ్గుంది, దాన్ని మనం చెప్పుకోం. ఆ గల్లీల్లో చీకటి గదుల్లో ఉన్న స్త్రీలందరూ ఎక్కడివారో కారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు. జోగినీలుగా వదిలిపెట్టిన పిల్లలు పెరిగి ఈ నగరానికి చేరినవారున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ, జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది 1988లో. అంతకుముందు ఎందరు, ఆ తర్వాత కూడా ఎందరు! జాషువా గారి కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో ఆ స్త్రీల మధ్య పనిచేసి, వారి పిల్లల చదువు కోసం పాటుపడ్డారు. జోగినీలను చేసింది ఏ పేటల ఆడపిల్లలనో మనకు తెలియనిది కాదు. మన తాతలు వచ్చింది కూడా ఆ పేటల నుంచే. ఒకే ఊరి బస్సెక్కి, ఒకే స్టేషనులో దిగి, ఒకరు మిల్లు చాల్‌కు వెళ్లారు, ఒకరు ఆ గల్లీకి వెళ్లారు.

ఇప్పుడు మన పెద్దలు చెప్పే అభ్యంతరానికి వస్తాను. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. "ఆ తల్లి చెడ్డదని మేము అనడం లేదు. కానీ ఆ బిడ్డ అక్కడే ఉంటే చదువు అబ్బుతుందా? బురదలో నిలబెట్టి కాళ్లు కడిగినట్టుంటుంది. దూరంగా ఏదైనా హాస్టల్లో వేస్తే మనం డబ్బు కట్టడానికి సిద్ధం. ఆమె మాత్రం కలుగజేసుకోకూడదు." ఇది కమిటీలో వచ్చిన మాట. అన్నవారు దయ లేనివారు కారు. లాక్‌డౌన్‌లో తన పింఛను నుంచి పదకొండు కుటుంబాలకు బియ్యం ఇప్పించిన మనిషి ఆయన.

ఇదే వాదం దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందుకు కూడా వెళ్లింది. వేశ్యల పిల్లలకు విడిగా బడులు, విడిగా హాస్టళ్లు కట్టించాలని గౌరవ్ జైన్ అనే న్యాయవాది వేసిన వ్యాజ్యంలో, విడి బడులూ విడి హాస్టళ్లూ ఆ పిల్లలకూ సమాజానికీ మేలు చేయవని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు అందరు పిల్లలతో కలిసి చదవాలి. అయితే ఆ పరిసరాల్లో వాళ్లు పెరగకూడదనీ, హాస్టళ్లు అందుబాటులో ఉండాలనీ కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. 1997లో వచ్చిన తీర్పు ఆ పిల్లలకు సమాన అవకాశం, గౌరవం హక్కులని మళ్లీ చెప్పింది. కాబట్టి మన పెద్దాయన భయం న్యాయమూర్తులకు కూడా కలిగిన భయమే. కొందరు పిల్లల్ని, ముఖ్యంగా ప్రమాదం అంచున ఉన్న ఆడపిల్లల్ని, అక్కడి నుంచి తప్పించక తప్పదు. దానికి నేను ఎదురు చెప్పను.

కానీ తప్పించడానికీ తెంచడానికీ తేడా ఉంది. కామాటిపురలోనే దానికి ఒక దారి చూపినవారున్నారు. ప్రీతి పాట్కర్, ప్రవీణ్ పాట్కర్ 1986లో ప్రారంభించిన ప్రేరణ అనే సంస్థ, 1988లో అక్కడ పిల్లల కోసం రాత్రి కేంద్రం తెరిచింది. పద్ధతి చాలా మామూలుది. తల్లి పని మొదలయ్యే వేళకు పిల్లలు కేంద్రానికి వస్తారు. అన్నం తింటారు, బడి పాఠాలు చదువుకుంటారు, అక్కడే పడుకుంటారు, తెల్లారి బడికి వెళ్తారు. తల్లి తల్లిగానే ఉంటుంది. ఆ రాత్రి వేళ మాత్రం బిడ్డ ఆ గదిలో ఉండడు. కొందరు పిల్లలు ఆ తర్వాత తల్లి ఒప్పుకుని హాస్టళ్లకు కూడా వెళ్లారు. తల్లి తన చేత్తో పంపడం ఒకటి, నువ్వు చచ్చినట్టు వ్రాసిస్తేనే తీసుకుంటాం అనడం ఇంకొకటి. మన దగ్గరికి వచ్చిన ఆమె అడిగింది ఏమిటి? సాయంత్రం ఏడు నుంచి చదువుకునేందుకు ఒక చోటు. మన మందిరం హాలు వారంలో ఐదు రోజులు ఏడింటికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది.

మోషే కథ మనకు సండే స్కూలు నాటి నుంచి తెలుసు. జమ్ము పెట్టె, నది, రాజు కూతురు. అందులో ఒక చిన్న ముక్కను మనం గబగబా దాటేస్తాం. ఫరో కుమార్తె ఆ బిడ్డను ఎత్తుకుంది, తనవాడిగా చేసుకోదలచింది. కానీ పాలివ్వడానికి ఎవరికి అప్పగించింది? బిడ్డ అక్క పిలుచుకొచ్చిన సొంత తల్లికే. ఊరికే కాదు, జీతం ఇస్తానని చెప్పి మరీ. చంపమని ఆజ్ఞ ఇచ్చిన ఇంటి ఆడపిల్ల, చంపవలసిన బిడ్డను, వాడి తల్లి ఒడిలోనే, తన డబ్బుతో పెంచింది. ఆమె నిజం తెలిసి చేసిందో తెలియక చేసిందో గ్రంథం చెప్పదు. తెలిసే చేసిందని నాకనిపిస్తుంది, కానీ అది నా ఊహ. ఏదైనా, మోషే తన జనం ఎవరో మరచిపోకుండా పెరిగింది ఆ కొన్నేళ్ల వల్లనే.

మనం డబ్బు పంపే ఆఫ్రికాలో కూడా ఈ ఆలోచనే బలపడింది. ఎయిడ్స్ వ్యాధి ఇంటింటికీ పెద్ద దిక్కును తీసుకుపోయిన దేశాల్లో, అవ్వలూ పిన్నమ్మలూ ఆ పిల్లల్ని సాకారు. కెన్యా ప్రభుత్వం 2004లో ఒక పథకం మొదలుపెట్టి, అనాథలను సాకుతున్న పేద కుటుంబాల చేతికే నగదు ఇవ్వడం ఆరంభించింది. ర్వాండాలో 1994 నరమేధం తర్వాత ఎన్నో అనాథాశ్రమాలు వెలిశాయి. 2012 నాటికి కూడా అక్కడ 33 ఆశ్రమాల్లో మూడు వేలకు పైగా పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట బంధువులున్నారని తేలింది. అప్పుడు ఆ ప్రభుత్వం ఆశ్రమాలను ఒక్కొక్కటిగా మూసి, పిల్లల్ని ఇళ్లకు చేర్చే పని పెట్టుకుంది. చందాలు వచ్చేది ఆశ్రమానికే అయితే, పేద తల్లి తన బిడ్డ చదువుకోసం బిడ్డను ఆశ్రమానికి ఇస్తుంది. ఆశ్రమం ఉంది కాబట్టి అనాథలు తయారవుతారు. దాతల మంచితనమే ఆ పని చేస్తుంది. చేదుగా ఉన్నా చెప్పుకోవలసిన మాటే.

ఇది చదివి, అయితే ఆఫ్రికా చందా ఆపేసి ఇక్కడే ఇద్దాం, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ఎవరైనా అంటారేమో. ఒకరిద్దరు అన్నారు కూడా. నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి చందా ఆగకూడదు. ఆఫ్రికా మన సంఘాలకు పరాయి నేల కాదు. 1860 నుంచి నేటాలు చెరకు తోటలకు గిర్మిట్ మీద వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లున్నారు. నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు 1903లో అక్కడికి వెళ్లింది ఏ విదేశీ మిషను డబ్బుతోనో కాదు, 1897లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషన్ పంపితే వెళ్లారు. ఆ సంఘాలవారు అప్పుడు ఎంత ఉన్నవారు? ఇంట్లో కరువున్నా సముద్రం అవతలికి పంపిన మనుషులు. దూరమా, దగ్గరా అన్నది నా ప్రశ్న కాదు. దూరపు బిడ్డకు ఏ షరతూ లేకుండా ఇచ్చినవాళ్లం, దగ్గరి బిడ్డను ఎందుకు అన్ని ధ్రువపత్రాలు అడిగాం? దూరపు తల్లి ఫొటోలో కూడా కనబడదు. దగ్గరి తల్లి రేపు ఆరాధనకు వచ్చి మన పక్క బెంచీ మీద కూర్చుంటుంది. మనం భయపడింది దానికేనని నాకు నెమ్మదిగా అర్థమైంది.

షరతు గురించి మన చరిత్రలోనే ఒక పాఠముంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లవ్ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపాడు. అప్పుడు బాప్తిస్మం కోరి వచ్చినవారిని, కరువు సాయం సాగినంతకాలం, ఆయన చేర్చుకోలేదు. కూటికి విశ్వాసం వెల కాకూడదని. ఆ సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న సంగతి మనం ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం. ఆ ముందు సంగతి అంతగా చెప్పుకోం. కూడు పెట్టి విశ్వాసం అడగకూడదని తెలిసినవాళ్ల మనవలం, ఫీజు కట్టి తల్లిని అడిగాం.

నా సంగతి ఒకటి చెప్పి పనిలోకి వస్తాను. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా నాన్న పరేల్‌లో ఒక మిల్లులో జాబరు కింద పనిచేసేవాడు. రెండున్నర లక్షల మంది కార్మికులు ఇళ్లలో కూర్చున్న కాలం అది. మా నాన్న కూర్చోలేదు, తాగడం మొదలుపెట్టాడు. ఇంట్లో సామాను ఒక్కొక్కటే వెళ్లిపోయింది. మరుసటి ఏడాది నా ఎస్.ఎస్.సి. పరీక్ష ఫీజు మా సంఘంలోని ఒక పెద్దమనిషి కట్టాడు. కట్టినట్టు నాకు పదేళ్ల తర్వాత, ఆయన భూస్థాపన రోజున తెలిసింది. ఆయన రశీదు మా నాన్న చేతికిచ్చి, నువ్వే కట్టినట్టు చెప్పు అన్నాడట. మా నాన్న నిజంగానే ఆ రశీదు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు తాగలేదు కూడా. తాగుబోతు తండ్రి ఉన్న ఇంట్లో చదువు సాగదు, పిల్లవాణ్ణి ఎక్కడైనా వేద్దాం, తండ్రి లేడని వ్రాద్దాం అని ఎవరైనా అని ఉంటే నేను చదువుకునేవాణ్ణేమో. ఆ రశీదు ఇచ్చిన మా నాన్న మాత్రం నాకు మిగిలేవాడు కాదు.

ఇక పని సంగతి. చట్టం మన ఫారం కంటే ముందుంది. పెళ్లికాని తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు 2015లోనే తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన బాలల న్యాయ చట్టం, బిడ్డను సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకున్నాకే అంటుంది. మహారాష్ట్రలో 2024 మే 1 నుంచి పుట్టినవారికి ప్రభుత్వ కాగితాల్లో తల్లి పేరు తప్పనిసరి. బాల సంగోపన్ పథకం కింద ఇబ్బందిలో ఉన్న పిల్లలకు, ఒంటరి తల్లుల పిల్లలతో సహా, కుటుంబంలోనే ఉంచి పెంచడానికి రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇస్తుంది. 2023 బడ్జెట్‌లో దాన్ని నెలకు 2,250 రూపాయలు చేశారు. ఈ పథకం మన సంఘంలోనే ఇద్దరు విధవరాండ్రకు వర్తిస్తుంది, వారికి ఎవరూ చెప్పలేదు. మరాఠీలో దరఖాస్తు నింపడం రానివారికి నింపిపెట్టగలిగిన యువకులు మన చాళ్లలో పదిమంది దాకా ఉన్నారు. డబ్బు కంటే ముందు ఆ సాయం కావాలి.

ఫారం మళ్లీ వ్రాశాను. మూడో గడిలో తండ్రి పేరు తీసేసి, బిడ్డను పెంచుతున్నవారి పేరు అని పెట్టాను. మరణ ధ్రువపత్రాల గడి కొట్టేశాను. నిధి పేరులో అనాథ అన్న మాట ఉంచాలా వద్దా అన్నది నేనొక్కణ్ణే తేల్చేది కాదు. హాలు సాయంత్రం ఏడు నుంచి పదిన్నర దాకా చదువుకునే పిల్లలకు తెరిచి ఉంచాలని, ఇద్దరు పెద్దలు వంతులవారీగా ఉండాలని ఒక ప్రతిపాదన వ్రాశాను. కరెంటు బిల్లు పెరుగుతుంది. ఎవరెవరి పిల్లలు వస్తారోనని కొందరు అడుగుతారు. మన పిల్లలు కూడా అక్కడే కూర్చుని చదువుతారు కదా అని భయపడేవారుంటారు, నా ఇంట్లోనే ఒకరున్నారు. ఇవన్నీ జనవరి సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాను. దయచేసి తప్పక రండి, వచ్చి మాట్లాడండి.

ఆమె మడిచి పెట్టి వెళ్లిన కాగితం నా ఫైలులోనే ఉంది. మూడో గడి ఖాళీగా ఉంది. నాలుగో గడిలో, తల్లి పేరు అన్నచోట, ఎవరో నేర్పితే నేర్చుకున్న అక్షరాలతో, పెద్దగా, కొంచెం వంకరగా తన పేరు వ్రాసుకుంది. పోయిన శనివారం ఆ సహోదరితో కలిసి ఆ గల్లీకి వెళ్లాను. ఖోలీ తాళం వేసి ఉంది. ఊరికి పోయారు, పండుగ దాటాక వస్తారు అని పక్కగదిలో ఉన్నామె చెప్పింది. పిల్లవాడు బడి మానేశాడా అని అడిగాను. ఏమో, పుస్తకాల సంచీ అయితే వెంట తీసుకునే పోయాడు అంది.